జింక్ ఆక్సైడ్ పార్టీ

ఆ రోజుల్లో మా ఎల్బీనగర్‌లో ఎవరిని కదిలించినా రాష్ట్రం విడిపోవడమా, కలిసుండడమా అన్నదే మాట. నేను మాత్రం (పరిశోధక విద్యార్థినన్న పొగరుతో) జింకు, ఆక్సిజను కలిసుంటే ఏమవుతుందో కంప్యూటరులో లెక్కకట్టేవాణ్ని. పరమాణువు లోపలి ఎలక్ట్రాన్లన్నిటినీ ఆ లెక్క మోయలేదు కనుక వాటి బదులు ఒక వేషగాణ్ని నిలబెడతాం. ఆ వేషం పేరు సూడోపొటెన్షియల్. లెక్క ఏ సూత్రంతో చేస్తామో వేషమూ ఆ సూత్రంతోనే కట్టాలి. నేను హైబ్రిడ్ ఫంక్షనల్ అనే మిశ్రమ సూత్రం ఎత్తుకున్నాను. దానికి తగ్గ వేషాలు దొరక్క, జింకుకు ఒకచోటిది, ఆక్సిజనుకు మరోచోటిది తెచ్చి తగిలించాను. జవాబు ప్రయోగశాలలో కొలిచిన అంకెతో అచ్చుగుద్దినట్టు కలిసింది!

మర్నాడు గైడుకు చూపించాలి. అంతకంటే ముందు మా సీనియరు, మేం బెజవాడ మేడం అని పిలుచుకునే ఆమె, మెచ్చుకోవాలి (నా అసలు లెక్క అదే). ఆ రోజు బంద్. దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆమె హాస్టలుకు కాగితాలు పట్టుకుని నడిచాను. కొత్తపేట పండ్ల మార్కెట్టు దగ్గర ఊరేగింపులోంచి ఒకాయన చెయ్యి చాచాడు.

"కరపత్రాలా తమ్మీ? నాకొకటియ్యి."

"కాదన్నా, జింక్ ఆక్సైడ్."

"గదేం పార్టీ? మనకు మద్దతిస్తదా, లేదా?"

"ఇస్తదన్నా" అని మాటిచ్చి బయటపడ్డాను.

"ఏంటి నల్గొండా, పాదయాత్రా?" అని ఎప్పటిలాగే మా ఊరి పేరుతో పిలిచి, నవ్వుతూ కాగితాలు అందుకున్న మేడం రెండో పేజీలో ఆగిపోయింది. "ఇదేంటి, రెండింటికీ రెండు వేర్వేరు సూత్రాల వేషాలు పెట్టావు? తప్పూ తప్పూ కొట్టేసుకుని అంకె కుదిరిందంతే. రేపు చూపించకు."

మెచ్చుకోలు కోసం అంత దూరం నడిచినవాడి నోరు ఊరుకుంటుందా? "మా లెక్కలు మీ ఆంధ్రోళ్లకు ఎన్నడు నచ్చినయి మేడం?" అనేశాను.

ఆమె కాగితాలు మడిచి నా చేతిలో పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

సాయంత్రం ఆమె నుంచి మెయిలు వచ్చింది. ఆ మిశ్రమ సూత్రంతోనే తానే కట్టిన రెండు వేషాల ఫైళ్లు. ఫైళ్ల పైన, కంప్యూటరు చదవకుండా వదిలేసే వరుసలో: "నల్గొండ గారికి. సరిచూసుకుని వాడగలరు." (పొద్దున్నదాకా నువ్వే. ఆ 'గారు' ఇంకా గుచ్చుకుంటుంది.)

బంద్ మర్నాటికీ పొడిగించారు కనుక లెక్క మళ్లీ చేయడానికి వ్యవధి చిక్కింది. ఈసారి అంకె ప్రయోగశాలలో కొలిచినదాని కంటే కిందికి జారింది. "ఇది నమ్మొచ్చు" అన్నారు గైడు. క్షమించమనడానికి మంచి మాట వెతుకుతూ నేను వారాలు గడిపాను. ఈలోగా ఆమె థీసిస్ ఇచ్చేసి వెళ్లిపోయింది.

నా విద్యార్థులకు ఇప్పటికీ ఆ ఫైళ్లే ఇస్తాను, పై వరుస చెరపకుండా. మొన్న ఒకమ్మాయి అడిగింది: "గీ నల్గొండ గారు ఎవరు సార్?"

"ఉండె ఒక పిలగాడు. అంకె కలిస్తే చాలనుకున్నడు."

"మరి సరిచూసుకున్నడా?"

"చూసుకున్నడమ్మా" అన్నాను నవ్వి. "జర లేటుగ."