మామయ్యగారి గట్టి ఇంగ్లీషు

మామయ్యగారికి ఇంగ్లీషు రాదంటే కళ్లు పోతాయి. గుమాస్తాగా ఉన్నన్నాళ్లూ పై అధికారులకు ఆయన రాసిన అర్జీలు పేర్చుకుంటూ పోతే వీధి చివరిదాకా వస్తాయి. చిక్కల్లా ఒక్కటే. అదంతా వంగి దండం పెట్టే ఇంగ్లీషు. సెలవు అడగడానికి, బదిలీ ఆపించుకోవడానికి బ్రహ్మాండంగా పనికొస్తుంది. మనకు రావలసిన డబ్బు అడగాలంటే మాత్రం చిల్లిగవ్వ విలువ చెయ్యదు.

కోడలు కర్టెన్లు కుడుతుంది. ఒక హోటల్లోని గదులన్నిటికీ కుట్టిచ్చి మూడు నెలలైంది, పైసా రాలలేదు. అక్కడ వ్యవహారమంతా ఇంగ్లీషులోనే కనక డబ్బు కోసం ఉత్తరాలు రాసే పని మామయ్య మీద పడింది. పాత మిషన్ తొక్కీ తొక్కీ మోకాళ్లు అరిగిపోయి, పాపం, ఒక సెకండ్ హ్యాండ్ మోటారు మిషన్ బేరమాడుకుంది. శనివారంలోగా డబ్బు కట్టకపోతే ఇంకొకరికి అమ్మేస్తానన్నాడు షాపువాడు.

"ఇన్ని ఉత్తరాలు రాశారు కదా మామయ్యా, వాటిల్లో ఏముందసలు?" అంది శుక్రవారం పొద్దున్న.

ఆయన ఉత్సాహంగా అర్థం చెప్పాడు. మహారాజశ్రీ మేనేజరుగారి అమూల్యమైన సమయం పాడుచేస్తున్నందుకు క్షమాపణలు, తొందరేమీ లేదు, వీలు చిక్కినప్పుడు, దయ కలిగితే, బిల్లు మీద ఒక చల్లని చూపు.

"అయ్యో రాత! అప్పు మనమే పడ్డట్టుందే!"

"మర్యాదమ్మా..."

"మర్యాదకి మిషన్ ఇస్తాడా షాపువాడు? మీకెప్పుడూ ఎవరూ గట్టి ఇంగ్లీషులో రాయలేదా?"

రాయకేం! ఇంటి అప్పు వాయిదా తప్పినప్పుడల్లా బ్యాంకువాళ్లు రాశారు. ఒక్కో మాటా గుండెల్లో మేకులా దిగింది. ఇన్నేళ్లయినా ఒక్క అక్షరం మరిచిపోలేదాయన.

"ఔరా! ఆ మాటలు మనమూ వాడొచ్చంటావా?"

"వాడితే ఎవరు కాదంటారు? పదండి!"

హోటల్లో కోటు వేసుకున్న మేనేజరు రాగానే మామయ్య అలవాటు కొద్దీ లేవబోయాడు. కోడలు చొక్కా పట్టి లాగి కూర్చోబెట్టింది. ఆయన గొంతు సవరించుకున్నాడు. 'సర్' నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాడు.

"యువర్ పేమెంట్ ఈజ్ ఓవర్‌డ్యూ. పే టుడే."

అంతే. ప్లీజు లేదు, కైండ్లీ లేదు. అనేశాక, ఇప్పుడు బయటికి గెంటిస్తాడేమోనని తలుపు వైపు చూశాడు.

మేనేజరు కంప్యూటర్ చూసి, "ఓహ్, సారీ! తొందరేం లేదని మీరే రాశారుగా, అందుకే పక్కన పెట్టాం" అన్నాడు. ఎంత నింపాదిగా అన్నాడో చూడండి! కాసేపటికి డబ్బు కోడలి ఫోనులోకి వచ్చి పడింది. ఆవిడకు ప్రాణం లేచొచ్చింది.

"పై అంతస్తుకీ కర్టెన్లు కావాలి. మొదలుపెడతారా?" అన్నాడు మేనేజరు.

కోడలు సంబరంగా తలూపబోయింది. అంతలో మామయ్య కాలు మీద కాలు వేసుకుని, "ఫస్ట్ హాఫ్ అడ్వాన్స్!" అన్నాడు.

కోడలు బిత్తరపోయింది. అది ఆవిడ అనమన్న మాట కాదు, బ్యాంకువాళ్లు రాసిందీ కాదు. ఇంగ్లీషులో ఇంకొకరికి షరతు పెట్టడం మామయ్యగారి జన్మలో అదే మొదలు.