తాళం చెరిపిన చోట

మా వదిన గీసే బొమ్మల కథల్లో దుర్మార్గుడు ఎప్పుడూ నేనే. ఇందులో నా గొప్పేమీ లేదు, అంతా నా పొట్ట చలవ. ఎదురుగా మనిషి కూర్చోనిదే ఆవిడ గీత కదలదు. ఇంట్లో గంటల తరబడి కదలకుండా కూర్చోగలిగినవాణ్ణి నేనే కాబట్టి యజమాని వేషం నాకు దక్కింది. అన్నయ్యది పోలీసు వేషం. భోజనమయ్యాక కుర్చీలో కునుకు తీసే మా అమ్మ న్యాయమూర్తి. "నా గురక కూడా గీశావుటే?" అని అమ్మ నిలదీస్తే, "మీది కాదత్తయ్యా, కోర్టుది" అంది.

వేళ్ళకి నల్ల సిరా ఎన్నడూ వదలదు కాబట్టి వీధిలో ఆవిడ పేరు మసి వదిన. మొదట్లో పిల్లల మాసపత్రికకి కుందేలు కథ గీసేది. నెలనెలా కుందేలు ఎలుగుబంటిని తెలివిగా బోల్తా కొట్టించాలి, పత్రికవాళ్ళు అడిగింది అంతే. ఓ నెల కుందేళ్ళన్నీ కలిసి సంఘం పెట్టి, మేం తవ్వుకున్న బొరియకి నీకు అద్దేమిటని ఎలుగుబంటిని అడిగాయి. పసిపిల్లలకి ఇవన్నీ ఎందుకమ్మా అన్నాడు సంపాదకుడు. ఎలుగుబంటి ఏం చెప్పిందో చెప్పమని పసిపిల్లలే ఉత్తరాలు రాశారు. అది నోరు విప్పకముందే వదిన ఉద్యోగం ఊడింది.

అప్పట్నుంచీ వంటింటి బల్లే ఆఫీసు. ఒక పక్క ఉల్లిపాయలు, ఒక పక్క సిరా బుడ్డి. నీళ్ళు రాని వీధుల మీద, ఆపేసిన జీతాల మీద కథలు గీసి, జిరాక్సు తీసి, దారంతో కుట్టి ఫ్యాక్టరీ గేట్ల దగ్గర పంచేది. చదివినవాళ్ళు ముందు నవ్వేవాళ్ళు, తర్వాత నవ్వు ఆపి మళ్ళీ చదివేవాళ్ళు. ఒకసారి పోలీసులొచ్చి బల్ల మీది కాగితాలన్నీ ఊడ్చుకుపోయారు. వాటితో పాటు అమ్మ కంటి డాక్టరు చీటీ కూడా పోయింది. రాజద్రోహం కింద అది ఇప్పటికీ వాళ్ళ దగ్గరే ఉంది.

పక్క వీధిలోని చొక్కాల ఫ్యాక్టరీ తగలబడింది ఆ తర్వాతే. పై అంతస్తులో కుట్టుపని చేసే ఆడవాళ్ళలో చాలామంది కిందికి రాలేకపోయారు. మెట్ల తలుపుకి బయట తాళం. పని మధ్యలో ఎవరూ లేవకుండా రోజూ వేసే తాళమే. విచారణ చేసిన పెద్దమనుషులు మాత్రం వేడికి తలుపు బిగుసుకుపోయిందని రాశారు. ఎంత మర్యాద తెలిసిన వేడో చూడండి, యజమానికి సెగ కూడా తగలకుండా పక్కనుంచి వెళ్ళిపోయింది.

వదిన ఏడాది పాటు ఆ కథే గీసింది. మొదటిసారి అచ్చు పుస్తకం. అందులో ఒక పేజీ నిండా ఒకే బొమ్మ: మూసిన తలుపు, దాని ముందు నేను, నా చేతిలో తాళం. "కొంచెం తృప్తిగా చూడు అబ్బాయ్, ఇప్పుడే అన్నం తిన్నట్టు" అంది. నేను నిజంగా అప్పుడే తిన్నాను, నటించాల్సిన పని పడలేదు. ఆ బొమ్మ జిరాక్సు వీధిలో తిరిగింది. మంగలి నా గడ్డం సగం గీసి, కత్తి గాల్లో ఆపి, ఆ తాళం నీదేనా అని అడిగాడు. మిగతా సగం ఇంటికొచ్చి నేనే గీసుకున్నాను.

పుస్తకం వేసే ప్రచురణకర్తని మేం మీవైపే గారు అనేవాళ్ళం. ఏం అడిగినా "నేనూ మీ వైపే" అంటాడు. ఆయన అచ్చయిన కట్టలు మా ఇంటికి పంపిన రోజు, ఫ్యాక్టరీలో బతికి బయటపడ్డ ఆడవాళ్ళు కూడా వచ్చి వంటింట్లో కూర్చున్నారు. వదిన కట్ట విప్పి ఆ పేజీ తెరిచింది. తలుపు ఉంది, నేనున్నాను, పిడికిలి ఉంది. తాళం ఉండాల్సిన చోట తెల్లటి మచ్చ.

ఫోన్ చేస్తే, లాయరు సలహా అన్నాడు. తాళం కళ్ళతో చూశామని ఎవరూ చెప్పలేదట. బొమ్మ అందం ఏమీ చెడలేదట, ఆవిడ భావం ఎక్కడికీ పోలేదట.

"భావం కాదండీ, తాళం పోయింది" అని వదిన ఫోన్ పెట్టేసింది.

వెంటనే కలం తీసి ఒక పుస్తకంలో తాళం మళ్ళీ గీసింది. తలా ఒక కలం ఇచ్చి, అన్నిట్లోనూ గీద్దాం అంది. వాళ్ళతో పాటు గుండీల కాజాలు కుట్టే ఒకావిడ వచ్చింది, అందరూ కాజాలక్క అనేవారు. ఫ్యాక్టరీ తగలబడ్డ రోజు జ్వరమొచ్చి పనికి వెళ్ళలేదు, చెల్లెలు వెళ్ళింది. కాజాలక్క కలం పట్టుకుని ఆగిపోయింది.

"నాకు రాదమ్మా. ఆ తాళం నేనెప్పుడూ చూళ్ళేదు. అది బయటుండేది కదా. మేం లోపల కూర్చోగానే చప్పుడు వినపడేది, అంతే."

"ఎలా వినపడేది?"

కాజాలక్క పుస్తకం మీదికి వంగింది. తెల్లమచ్చలో 'టక్' అని రాసింది.

వదిన ఆ పుస్తకం దగ్గరికి లాక్కుని చూసింది. "ఏడాది పాటు తలుపు బయట, యజమాని పక్కన నిలబడి గీశాను" అని గొణిగి, తన కలం మూత పెట్టేసింది. మిగతావాళ్ళు రాశారు. ఒకావిడ 'ఖణ్' అని రాసింది. ఇంకొకావిడ 'టక్, టక్' అంది, గేటువాడు వేశాక ఒకసారి లాగి చూసేవాడట. మధ్యలో మీవైపే గారు ఉరుక్కుంటూ వచ్చి, పుస్తకాలు చూసి, తనని ముంచుతున్నామన్నాడు, తానూ మా వైపే అన్నాడు. కునుకు తీస్తున్న న్యాయమూర్తి కళ్ళు తెరవకుండానే "అయితే ఓ కలం తీసుకుని కూర్చో నాయనా" అంది. ఆయనకి వెంటనే ఏదో పని గుర్తొచ్చింది.

ఆ ఫ్యాక్టరీకి కొత్త రంగు వేసి మళ్ళీ తెరిచారు. పుస్తకాలు పంచడానికి పొద్దున్నే వదినతో వెళ్ళాను. నా పొట్ట చూసి యజమానిననుకుని కొత్త గేటువాడు చటాలున లేచి నిలబడ్డాడు. ఇంకేమీ తోచక, తాళం సంగతేమిటి అన్నాను.

"ఇప్పుడే వేసొచ్చాను సార్. లాగి కూడా చూశాను."

ఎవరూ చూడని తాళం! అదెక్కడో చూపించమన్నాను. వాడు సంతోషంగా మెట్లెక్కించాడు. తీయమని నేను నోరు తెరవబోతే వదిన నా చెయ్యి నొక్కి, సంచీలోంచి కాగితం తీసి, నాలుగు గీతల్లో తాళాన్ని, తలుపుని, వాడి చేతిలోని తాళంచెవుల గుత్తిని దించేసింది. అప్పుడు తలూపింది.

"తియ్యి. ఇంకెప్పుడూ వెయ్యకు" అన్నాను, ఏడాది పాటు నేర్చుకున్న గొంతుతో.

వాడు తీశాడు. ఆ చప్పుడుకి లోపల మిషన్లన్నీ ఒక్కసారిగా ఆగాయి. తల తిప్పిన ఆడవాళ్ళ ముఖాలు చూస్తూ వదిన గడప దాటి లోపలికెళ్ళి, తలుపు వైపు తిరిగి నిలబడి, ఇంకో కాగితం తీసింది.