ఫోన్‌ను మోడెమ్ చేసిన ఆదివారం

మా అత్తమ్మ చిన్నప్పుడు హాస్టల్లో ఉండి చదువుకుంది. అక్కడి చర్చిలో పాటలు పాడే అమ్మాయిల గుంపులో ఆమె కూడా ఉండేది. హాస్టల్ వదిలాక ఎవరి దారిన వాళ్లు పోయి, పెళ్లిళ్లు చేసుకుని, అమ్మమ్మలూ నానమ్మలూ అయిపోయారు. ఈమధ్య వాళ్లలో ఒకామె మనవరాలు పూనుకుని అందరి నంబర్లూ వెతికి, ఫోన్‌లో గ్రూప్ కట్టింది. ఒక ఆదివారం మధ్యాహ్నం అందరూ వీడియోలో కలుసుకోవాలని అనుకున్నారు.

ఆ వారమే అత్తమ్మకు కొత్త ఫోన్ కొన్నాం. కానీ అది ఆమె కళ్లకు ఆనలేదు.

"గింతంత అద్దంల గంతమంది మొకాలంటే నువ్వుగింజల్లెక్క కనవడతరు. నీ కంప్యూటర్ల పెట్టు బిడ్డా," అంది.

నా కంప్యూటర్ అంటే, ఇంట్లో కూర్చుని పెళ్లి కార్డులు డిజైన్ చేసుకునే పాత లాప్‌టాప్. అది మరీ నత్తనడక నడుస్తుంటే, వీడియోలు చూసి నేర్చుకుని, అందులోని విండోస్ తీసేసి లినక్స్ వేసుకున్నాను. అప్పటి నుంచి చక్కగా పనిచేస్తోంది, ఒక్క వైఫై తప్ప. వైఫై భాగం ఎప్పుడో పాడైపోయింది. ఇంట్లోకి వచ్చే ఇంటర్నెట్ డబ్బా నుంచి నేరుగా వైరు గుచ్చి పని కానిచ్చేదాన్ని. సరిగ్గా ఆ శనివారం, ఎయిర్‌పోర్ట్‌కు దగ్గరున్న మా సాతంరాయిలో రోడ్డు పక్కన తవ్వుతూ ఎవరో కేబుల్ తెంపేశారు. డబ్బాలో ఎర్రలైటు వెలిగింది. బాగు చేసేవాళ్లు సోమవారం గానీ రారట. ఆదివారం మా ఆయన ఎయిర్‌పోర్ట్‌లో కార్గో డ్యూటీకి పోయాడు. నా ఫోన్‌లో డేటా అయిపోయింది. ఇక మిగిలింది ఒకే దారి, అత్తమ్మ కొత్త ఫోన్‌ను లాప్‌టాప్‌కు వైరుతో కలిపి మోడెమ్ లాగా వాడుకోవడం. అలా చేయొచ్చని విన్నానే గానీ, ఎప్పుడూ చేసింది లేదు.

చర్చి నుంచి వచ్చి అన్నాలు తిన్నాక పనిలోకి దిగాను. వంటింట్లో ఛార్జింగ్ పెట్టుకునే వైరు తెచ్చి ఫోన్‌కూ లాప్‌టాప్‌కూ తగిలించాను. ఫోన్ ఛార్జింగ్ ఎక్కుతోంది. అంతకుమించి ఏమీ లేదు. సెట్టింగ్స్‌లో ఇంటర్నెట్ పంచుకునే మీట బూడిదరంగులో పడి ఉంది, నొక్కితే కదలదు. లాప్‌టాప్‌లో టెర్మినల్ అనే నల్లటి కిటికీ తెరిచి, తగిలించిన వస్తువులేమేం ఉన్నాయో చూపించే ఆదేశం కొట్టాను. మౌస్ ఉంది, కెమెరా ఉంది, ఫోన్ మాత్రం లేదు. లాప్‌టాప్‌ను ఆపి మళ్లీ మొదలుపెట్టాను. అదే తంతు.

"ఏందే, గా నల్లటి దాంట్ల ఏం రాస్తున్నవ్? దవాఖాన చిట్టీ లెక్కుంది," అంది అత్తమ్మ, పట్టుచీర కొంగు సర్దుకుంటూ. వీడియో కోసం మళ్లీ తల దువ్వుకుని, పూలు కూడా పెట్టుకుంది.

"ఫోన్ కనబడడం లేదు అత్తమ్మా."

"నీ చేతిలనే ఉన్నది గదా!"

చేతిలోని ఫోన్‌నూ దాని వైరునూ చూశాను. అప్పుడు అనుమానం వచ్చింది. ఈ వైరు పాత ఫోన్‌ది, కొన్ని వైర్లు కరెంటు తప్ప ఇంకేమీ మోయవు.

"కొత్త ఫోన్‌తో వచ్చిన వైరు ఏది?"

"బీరువల పెట్టిన. కొత్తది, ఊకె ఖరాబ్ చేసుడెందుకని."

పెట్టెతో సహా చీరల మధ్య భద్రంగా ఉంది. తీసి గుచ్చగానే మీటకు రంగొచ్చింది. నొక్కాను. నేను ఏ ఆదేశమూ కొట్టకుండానే, వైరు నెట్‌వర్క్ దొరికిందని లినక్స్ ఒక మూల చిన్న గుర్తు చూపించింది. అంత సేపు దాన్ని తిట్టుకున్నందుకు మనసులోనే చెంపలేసుకున్నాను.

గదిలో సిగ్నల్ సరిగా లేక వీడియోలో బొమ్మలు కదలకుండా ఆగిపోతుంటే అన్నీ ఎత్తుకుని డాబా మీదికి పోయాం. వాటర్ ట్యాంక్ నీడలో కుర్చీ వేసి, స్టూలు మీద లాప్‌టాప్ పెట్టాను. ఒక్కొక్కరే తెర మీదికి వచ్చారు. తెల్లజుట్టు, కళ్లద్దాలు, బోసినోళ్లు. కళ్లు చికిలించి ఒకరినొకరు పోల్చుకున్నారు. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడారు.

"ఏమే పిల్లా, గిట్ల ముసలిదానివైనవేందే!"

"నువ్వేమన్న పడుచుదానివా? నీ పండ్లేవి?"

అందరూ కలిసి పాడాలన్నారు. మొదలుపెట్టారు కూడా. కానీ ఇంటర్నెట్‌లో గొంతులు ఒకేసారి చేరవు కదా. ఒకరు పల్లవి ముగించేసరికి ఇంకొకరు ఎత్తుకుంటున్నారు. అంతా గందరగోళం. ఒకామె చిన్నబుచ్చుకుని పాట ఆపేసింది. అప్పుడే మా ఆయన అత్తమ్మ ఫోన్‌కు కాల్ చేశాడు. తెర ఆగిపోయింది. "ఇగ చెయ్యకు, ఇది ఫోన్ గాదు, మోడెమ్!" అని అత్తమ్మే అరిచి కట్ చేసింది.

తెర మళ్లీ కదిలాక ఆమె గొంతు సవరించుకుంది. "ఆగుండ్రి జర. ఒక్కరు పాడుండ్రి. మిగితోళ్లు మైకు బంద్ చేసి, వాళ్ల పాట వినుకుంట మీ ఇండ్లల్ల మీరు పాడుండ్రి."

ముందు తనే ఎత్తుకుంది. పైన విమానం వస్తే ఆగి, పోయాక వదిలిన చోటి నుంచే అందుకుంది. తెరమీద అన్ని పెదవులూ కదులుతున్నాయి. ఒక్కరి శబ్దమూ లేదు. ఒకామె కళ్లు మూసుకుని చేత్తో తాళం వేస్తోంది. ఇంకొకామె పాడుతూ పాడుతూ కొంగుతో కళ్లొత్తుకుంది. వినపడుతున్నది అత్తమ్మ గొంతొక్కటే. కాస్త బొంగురుపోయిన గొంతు. వంట చేస్తూ కూనిరాగం తీయడమే గానీ, ఆమె అలా నిండుగా పాడగా నేనెప్పుడూ వినలేదు. ఫోన్ వేడెక్కి కాలిపోతుంటే విసనకర్రతో దానికి విసురుతూ, నేను అక్కడే నిలబడ్డాను.

చివర్లో ఎవరు ఎక్కడుంటున్నారో చెప్పుకున్నారు. చిన్నబుచ్చుకున్న ఆమె ఉండేది అత్తాపూర్‌లో, ఆసుపత్రికి పోయే దారిలో. అత్తమ్మ నోరు తెరిచింది.

"అత్తాపూర్‌లనా? నా కూతురు కాన్పు అక్కడి దవాఖాన్లనే అయింది గదనే! దాన్ని చూపియ్యనీకి నెలకోసారి నీ ఇంటి ముంగటికెల్లే పోతుంటి!"

తర్వాతి శనివారం పొద్దున్నే టిఫిన్ కూడా తినకుండా బస్సెక్కి అత్తాపూర్ పోయింది. చీకటి పడ్డాక తిరిగొచ్చింది. ఏం మాట్లాడుకున్నారు అత్తమ్మా అని అడిగితే జవాబు చెప్పబోయింది గానీ మాట రాలేదు. గొంతు పూర్తిగా పోయింది. నవ్వుతూ వేడినీళ్లు పెట్టమని సైగ చేసింది.