సగంలో తీసిన పిన్నులు

కొలిమి షాపులో అతన్ని అందరూ ఆకురాయి అనేవారు. చేతిలో ఎప్పుడూ ఆకురాయి ఉండేది, నోరు కూడా అంత గరుకుగానే ఉండేది. యంత్రాలకు వేసే ఉక్కు పిన్నుల్ని బొగ్గుపొడితో కలిపి ఇనపపెట్టెలో కుక్కి, మూత చుట్టూ మట్టి మెత్తి, ఎనిమిది గంటలు కొలిమిలో ఉంచి, ఎర్రగా ఉండగానే నూనెలో ముంచడం అతని పని. అప్పుడు ఉక్కుకు పైపొర గట్టిపడుతుంది. లోపల మెత్తగానే ఉండి దెబ్బకు ఓర్చుకుంటుంది.

ఇరవై రెండేళ్లలో ఒక్కసారి, పెట్టెను నాలుగు గంటలు నిండగానే బయటికి లాగాడు. ఎందుకంటే చెప్పుకోదగ్గ కారణమే లేదు. ఒళ్లు బద్ధకించింది, ఇంటికి పోవాలనిపించింది. ఆకురాయితో రుద్దితే గీత పడకుండా జారిపోయింది. సరేనని ముద్ర కొట్టేశాడు. ఆకురాయి పైపై గట్టిదనమే చెబుతుంది గానీ అది ఎంత లోతుకు దిగిందో చెప్పదు. ఈ సంగతి అతనికి ఒకరు నేర్పాల్సిన పనిలేదు.

ఆరు నెలలకు, ఒక ఫ్యాక్టరీలో అతని బావమరిది నడిపే రేకుల ప్రెస్సు, పెడల్ తొక్కకుండానే రెండోసారి దిగింది. కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. నూనె వేయకపోవడం వల్లే ప్రెస్సును ఆపి ఉంచే పిన్ను అరిగిందని తేల్చి ఫ్యాక్టరీవాళ్లు అతన్ని పనిలోంచి తీసేశారు. వచ్చి అక్క ఇంట్లో, అంటే ఆకురాయి ఇంట్లోనే ఉన్నాడు.

కొత్తది చేయించడానికి ఆ అరిగిన పిన్ను కొలిమి షాపుకే వచ్చింది. దానిమీద తన ముద్రే. ఆకురాయి దాన్ని అడ్డంగా కోసి యాసిడ్ రాసి చూశాడు. గట్టిపడిన పొర నల్లటి అంచులా కనిపించింది గానీ, ఉండాల్సిన మిల్లీమీటరు మందంలో సగం కూడా లేదు. ఆ ముక్కను జేబులో వేసుకున్నాడు. నెలరోజులు తేలు కుట్టిన దొంగలా ఇంట్లో తిరిగాడు.

భార్య మాత్రం తమ్ముడికి అన్నం పెడుతూ రోజూ అదే పాట పాడేది.

"చుక్క నూనె వెయ్యడానికి అంత బద్ధకమేంట్రా నీకు?"

తమ్ముడు తల ఎత్తేవాడు కాదు. బద్ధకం అన్న మాట వినపడ్డప్పుడల్లా ఆకురాయికి ముద్ద దిగేది కాదు. ఒక మధ్యాహ్నం ఇక తట్టుకోలేక, జేబులోంచి ఆ కోసిన ముక్క తీసి బావమరిది కంచం పక్కన పెట్టాడు.

"వాణ్ణేమీ అనకు. ఈ పిన్ను నేనే కొలిమిలోంచి సగంలో తీశాను. తప్పు నాది. రేపు ఫ్యాక్టరీకి వెళ్లి రాసిస్తాను, నా ఉద్యోగం పోతే పోనీ."

ఆమె చేతిలో గరిటె అలాగే ఉండిపోయింది.

"నెలరోజులు నా నోటితో వీణ్ణి తిట్టించావా?"

బావమరిది ఆ ముక్కను ఎడమచేత్తో తిప్పితిప్పి చూశాడు.

"ఆ పొద్దున నూనె వేసినట్టే గుర్తు బావా" అన్నాడు మెల్లగా. "అందరూ వెయ్యలేదంటుంటే, వెయ్యలేదేమోలే అనుకున్నా."