ఎవరూ చంపని మంత్రి

ఆ అమ్మాయిది బాపట్ల. నేను తెనాలిలో పిల్లలకు చదరంగం నేర్పుతుంటాను. సెలవు రోజుల్లో నాతో ఆడటానికి రైలెక్కి వచ్చేది. జాతీయ పోటీలకు వెళ్ళే రాష్ట్ర జట్టులో ఆ ఏడాది ఒక సీటు, సెలక్షన్లో నెగ్గినవాళ్ళకి కాకుండా, గడువు నాటికి రేటింగ్, అంటే గెలుపోటములతో పెరిగి తరిగే పాయింట్లు, ఎక్కువున్నవాళ్ళకి ఇస్తామన్నారు. అదేమీ వింత కాదు. ప్రపంచ చాంపియన్‌తో ఎవరు తలపడాలో తేల్చే పోటీకి కూడా అలా ఒక సీటు ఇచ్చిన సంవత్సరాలున్నాయి.

ఆమెకు కొద్ది పాయింట్లు తక్కువయ్యాయి. వాళ్ళ మావయ్య హడావుడిగా రేపల్లెలో ఒక చిన్న రేటింగ్ టోర్నమెంటు పెట్టించాడు. ఆడేవాళ్ళలో ఒకరు తగ్గారని ఆమె నన్ను పిలిచింది. ఇద్దరం తెనాలిలో పాసింజరు ఎక్కాం.

అది మూతపడ్డ సినిమా హాలు. కుర్చీలు తీసేసి బల్లలు వేశారు. తెర మాత్రం అలాగే ఉంది. ఆడటానికొచ్చిన మగవాళ్ళెవరూ మాకు తెలియదు. టోర్నమెంటంటే ఆట ముగిశాక ‘అక్కడ గుర్రం వేసుంటేనా’ అని వాదులాడుకునే గోల ఉంటుంది. ఇక్కడ ఎవరూ నోరు విప్పలేదు. ఆమె చేతిలో ఓడినవాళ్ళు చెయ్యి కలిపి, వెళ్ళి తెర కింద నిలబడుతున్నారు.

విరామంలో ఆమె నన్ను వరండాలోకి లాక్కెళ్ళింది.

“అక్కా, వీళ్ళు నా మొహం చూట్టం లేదు.”

“ఓడిపోయినవాళ్ళు ఏం చూస్తారే?”

“అది కాదు. ఈసారి నా బోర్డు చూస్తూ ఉండు.”

తర్వాతి ఆటలో నా ఎత్తు వేసి, ఆమె బల్ల దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. ఆమె తన మంత్రిని తీసుకెళ్ళి ఎదుటివాడి బంటు నోటికి అందించింది. నిన్న ఆట నేర్చుకున్నవాడైనా చంపేస్తాడు. అతను దాన్ని చాలాసేపు చూశాడు. చెయ్యి లేచింది, వేళ్ళు మంత్రి మీద గాల్లో ఆగాయి. తర్వాత పక్కకి జరిగి, ఓ మూల బంటుని తోశాయి. ఆమె మంత్రిని అక్కడే వదిలేసింది. అతను మళ్ళీ వేరే ఎత్తే వేశాడు. తలెత్తి చూస్తే, తెర కిందున్న వాళ్ళందరూ కదలకుండా ఆ మంత్రినే చూస్తున్నారు.

ఆట అవగానే ఆమె సూటిగా మావయ్య దగ్గరికి వెళ్ళింది.

“వీళ్ళకేం చెప్పావు మావయ్యా?”

“ఏం చెప్తానే? తెలిసినవాళ్ళు, నీకోసం వచ్చారు. రూల్సులో ఎక్కడా తప్పు లేదు.” నావైపు తిరిగాడు. “మీరు చెప్పండమ్మా, మిగతా జిల్లాలోళ్ళు ఇట్టాగే చేయట్లేదా?”

చేస్తున్నారని నాకూ తెలుసు.

“మరి ఇప్పటిదాకా నేను ఆడింది ఎవరితో?” అందామె.

చివరి ఆట మా ఇద్దరికీ పడింది. కూర్చుంటూ, “నువ్వన్నా ఆడక్కా” అంది. ఆడాను. ఆమె కూడా పళ్ళు బిగించి ఆడింది. చాలాసేపటికి నేను గెలిచాను. రేటింగ్ తక్కువున్న నా చేతిలో ఓడినందుకు, అప్పటిదాకా వచ్చిన పాయింట్లు దాదాపు అన్నీ పోయాయి. సీటు ఇంకెవరికో వెళ్ళింది. కానీ ఓటమి ఒప్పుకున్నప్పుడు ఆమె నా చెయ్యి గట్టిగా పట్టుకుని, చాలాసేపు వదల్లేదు.

మరుసటేడు సెలక్షన్లో ఆడి, రిజర్వుగా జట్టులోకి వచ్చింది. శుభాకాంక్షలు చెబుదామని ఫోన్ చేశాను. ఆ సంగతీ ఈ సంగతీ అయ్యాక గొంతు తగ్గించింది.

“ఎదుటివాళ్ళు పొరపాటున తప్పు ఎత్తు వేసినా, వెంటనే వాళ్ళ వెనక ఎవరన్నా నిలబడి ఉన్నారేమోనని చూస్తున్నానక్కా.”