స్వర్ణకు చెప్పని మాట

ఏళ్ళుగా ఒక మాట నా గొంతులో అడ్డంగా కూర్చుని ఉంది. అన్నం ముద్ద దిగుతుంది, మందుబిళ్ళ దిగుతుంది, అది మాత్రం దిగదు. పైకీ రాదు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. నేను చెబుతుంటే గుడిలో పరిచయమైన ఒకావిడ రాసిపెడుతోంది. ఇది చదివే నువ్వెవరో నాకు తెలియదు. అదే మంచిదయింది. తెలిసినవాళ్ళయితే సగంలోనే ఆపేసేదాన్ని.

మా ఆయన పోయిన ఏడాదే కూతురు నన్ను కెనడాలో ఈ కేంబ్రిడ్జ్‌కి తెచ్చుకుంది. కూతురూ అల్లుడూ పొద్దున్నే ఉద్యోగాలకు పోతారు. మనవలు బడి నుంచి వచ్చి ఏదడిగినా ఇంగ్లీషులోనే జవాబు చెబుతారు. ప్రేమగానే చెబుతారు, నాకే అర్థం కాదు. మాట్లాడక మాట్లాడక నా గొంతు నాకే కొత్తగా వినిపించేది. అప్పుడొచ్చింది స్వర్ణ. నల్గొండ వైపు పిల్ల. కాలేజీలో చదువుకుంటూ మా ఇంటి కింద బేస్‌మెంట్‌లో అద్దెకు దిగింది. ఆ రోజుల్లో ఈ ఊళ్ళో ఏ బేస్‌మెంట్ చూసినా మన పిల్లలే.

కాలేజీ లేని పూట పైకి వచ్చి, నా తలకు నూనె రాస్తూ, "అమ్మమ్మా, తాతకు కోపమొస్తే ఏం చేసేటోడు?" అని అడిగేది. ఆయన మోటార్లకు వైండింగ్ చేసేవాడు. కోపమొస్తే నాతో మాట్లాడకుండా రాగి తీగ చుట్టుకుంటూ కూర్చునేవాడు. ఈ సంగతి కన్న కూతురు కూడా నన్నెప్పుడూ అడగలేదు. ఆ పిల్ల అడుగుతుంటే ఆయన పక్క గదిలో ఉన్నట్టే ఉండేది. ఆమె బస్సెక్కి పోయిందా, ఇక కిటికీలో మంచు తప్ప ఏమీ ఉండేది కాదు.

రెండో సెమిస్టర్లో స్వర్ణ బాగా అలిసిపోయింది. శని ఆదివారాలు గోడౌన్లో పని, మిగతా రోజులు చదువు. రెండు సబ్జెక్టులు ఇప్పటికి వదిలేసి తర్వాత చదువుకోవచ్చా అని మా అల్లుణ్ణి అడిగింది. కనుక్కుంటానన్నాడు. మర్నాడు మధ్యాహ్నం నాకు ఫోన్ చేశాడు.

"అత్తయ్యా, స్వర్ణ ఫోన్ ఎత్తడం లేదు. నేను ఇటునుంచి ఇటే ఫ్లైట్ ఎక్కుతున్నా. ఏ సబ్జెక్టూ వదలొద్దని చెప్పండి. వదిలేస్తే ఫుల్‌టైమ్ చదువు కింద లెక్క రాదు, చదువయ్యాక ఇక్కడ ఉద్యోగానికి వర్క్ పర్మిట్ ఇవ్వరట. మర్చిపోకండి."

మర్చిపోలేదు. కూర తరుగుతూ కూడా ఆ మాటలే వల్లె వేసుకున్నాను.

సాయంత్రం స్వర్ణ బూట్ల మంచు దులుపుకుంటూనే అడిగింది. "అమ్మమ్మా, అన్న ఏమన్నా చెప్పిండా? సబ్జెక్టులు తీసేయనీకి రేపే లాస్ట్ డేట్. తీసేస్తే ఇగ మంగళారం, బేస్తారం నీతోనే ఉంట. తాత ముచ్చట్లు నేను వినుడు, నువ్వు చెప్పుడు."

"ఏమీ చెప్పలేదు తల్లీ," అన్నాను.

ఎందుకన్నాను? ఆమెకు చెడు జరగాలని కాదు. పర్మిట్ అంటే ఏమిటో తెలియక అన్నానా? తెలుసు. ఇక్కడ నిలబడి ఉద్యోగం చేసుకోవాలని ఆ పిల్ల ఎంత కలగన్నదో నాతోనే చెప్పుకునేది. అయినా ఆ ఒక్క నిమిషంలో నాకు మంగళవారం, గురువారం తప్ప ఇంకేమీ కనబడలేదు, నా ఒంటరితనమే పెద్దదై ఆ పిల్ల బతుకు చిన్నదైపోయింది. అల్లుడు తిరిగొచ్చి చెప్పారా అంటే, చెప్పానన్నాను. అతను మళ్ళీ ఆ సంగతి ఎత్తలేదు.

స్వర్ణ మర్నాడే రెండు సబ్జెక్టులూ తీసేసింది. ఆ చలికాలం నాకు సంతోషంగా గడిచింది. ఇదే చెప్పలేకపోతున్నాను. సంతోషంగా గడిచింది.

చదువయ్యాక స్వర్ణ పర్మిట్‌కి అప్లై చేసింది. రాలేదు. ఏడుస్తూ పైకొచ్చింది. మా అల్లుడు, "అత్తయ్యతో చెప్పించాను కదమ్మా, వదలొద్దని!" అన్నాడు. స్వర్ణ నా వైపు చూసింది. నేను పమిట కొంగు మడతలు పెడుతూ ఉండిపోయాను.

"అమ్మమ్మ చెప్పింది అన్నా. నేనే వినలే," అంది.

వెళ్ళిపోయే రోజు కాళ్ళకు దండం పెట్టబోతే వెనక్కి జరిగాను. ఊరెళ్ళాక ఒకసారి ఫోన్ చేసి, "మోకాళ్ళెట్లున్నయ్?" అని అడిగింది. అప్పుడైనా చెప్పి ఉండొచ్చు. బాగున్నాయన్నాను. మళ్ళీ చేయలేదు. మంగళవారం మధ్యాహ్నాలు ఇప్పటికీ మెట్ల వైపు చూస్తుంటాను. నాకు ఆయన కావాలో ఆమె కావాలో తెలియదు. ఇద్దరి మీదా బెంగ ఒకేలా ఉంటుంది.

మా ఇంట్లో ఆమె పేరొస్తే, చెప్పినా వినని పిల్ల అంటారు. వినకపోవడమేమిటి? ఆమె అడిగింది. నేను దాచాను. క్షమించమని అడగను, అడిగితే ఆ పిల్ల క్షమించేస్తుంది. అది నాకొద్దు. తప్పు ఆమెది కాదని నేను కాక ఇంకొకరికి తెలియాలి, అంతే. ఇప్పుడు నీకు తెలుసు.