యాదమ్మ బస్సెక్కిన రోజు

1964 వానాకాలంలో నేను కల్వకుర్తిలో ఒక చిన్న దవాఖానలో నర్సుగా ఉన్నాను. మామూలు కాన్పులు మా దగ్గరే అయ్యేవి. మత్తు ఇచ్చే ఏర్పాటు లేదు కాబట్టి ఆపరేషన్ అవసరమైతే మహబూబ్‌నగర్ పంపాల్సిందే.

యాదమ్మ నేతపని చేసే ఇంటి కోడలు. తొలి కాన్పు ఇంట్లోనే రెండు రోజులు కష్టమై, బిడ్డ కడుపులోనే పోయింది. ఇప్పుడు మళ్లీ నెలలు నిండాయి. మా డాక్టరమ్మ పరీక్షించి ‘కాంట్రాక్టెడ్ పెల్విస్’ అన్నారు. అంటే బిడ్డ బయటికి వచ్చే ఎముకల దారి ఇరుకు. నొప్పులు ముదిరితే గర్భసంచి పగిలే ప్రమాదం ఉంది. ముందే వెళ్లి ‘సిజేరియన్’, అంటే కడుపు కోసి బిడ్డను తీసే ఆపరేషన్, చేయించుకోవాలి.

“పోత సిస్టరమ్మా” అంది యాదమ్మ. మర్నాడు వచ్చి “జర ఆగి పోత” అంది. వాళ్ల వాడలో ఒకామె పట్నంలో ఆపరేషన్‌కని పోయి తిరిగి రాలేదట. అత్త లచ్చమ్మ అదే మాట పట్టుకుంది. “కోసుడు గీసుడు వద్దు. మేమందరం ఇంట్లనే కనలేదా?” అనేది. భర్త నర్సింహ నెమ్మదస్తుడు. అడిగితే తల వంచుకుని, “పానం దానిది. దాని ఇష్టం. నేను పొమ్మనను, వద్దనను” అనేవాడు. మంచి మాటే కదా అనుకున్నాను.

ఒక ఉదయం ఆమె ఒక్కతే మూట పట్టుకుని బస్‌స్టాండులో కనిపించింది. నా మనసు తేలికపడింది. బస్సు వచ్చింది. ఒక కాలు మెట్టు మీద పెట్టి, అలాగే నిలబడి, మళ్లీ కిందికి దింపింది. కండక్టర్ విసుక్కుని ఈల వేశాడు. బస్సు వెళ్లిపోయింది.

రెండోనాడు పొద్దున్నే నర్సింహ పరుగెత్తుకొచ్చాడు. సన్నగా నొప్పులు మొదలయ్యాయట. నేను వెళ్లేసరికి లచ్చమ్మ మంత్రసానిని పిలిపించి నీళ్లు కాగబెడుతోంది. యాదమ్మ గోడకు ఆనుకుని కూర్చుంది.

“ఇంకా టైముంది యాదమ్మా. ఇప్పుడే బయల్దేరాలె. ఏమంటవు?”

ఆమె ఏడ్వలేదు. నా చెయ్యి పట్టుకుంది. “ఏది జేసినా నేను జేసిందే అయితది సిస్టరమ్మా. పోతే పోయి సంపుకున్నదంటరు. ఉంటే ఉండి సంపుకున్నదంటరు. నాకు కోతకు భయం లేదు. గీ మాటకే భయం.”

గుమ్మంలో నిలబడ్డ నర్సింహ ఆ మాట విన్నాడు. లోపలికి వచ్చి తల్లి ముందే అన్నాడు: “పోదాం పా. నేనే తీస్కపోతున్న. ఏమన్నయితే నన్ను అనుండ్రి.” లచ్చమ్మ కొడుకు ముఖం చూసి, కాగుతున్న నీళ్లు పొయ్యి మీంచి దింపింది.

డాక్టరమ్మ నన్ను కూడా వెంట వెళ్లమన్నారు. బస్సు గుంతల్లో పడి లేచినప్పుడల్లా యాదమ్మను గట్టిగా పట్టుకునేదాన్ని. నొప్పులు దగ్గరపడుతున్నాయి. నా సంచిలో ‘ఫీటోస్కోప్’ ఉంది. కడుపు మీద ఆనించి బిడ్డ గుండెచప్పుడు వినే చిన్న గొట్టం. ఇంజన్ మోతలో ఏమీ వినపడలేదు. జడ్చర్లలో బస్సు ఆగాక ఇంజన్ ఆపమని డ్రైవర్‌ను బతిమాలాను. చెవి పెట్టాను. మొదట నా గుండెచప్పుడే వినిపించింది. గొట్టం కొంచెం జరిపితే, దూరంగా, తొందర తొందరగా కొట్టుకుంటున్న చప్పుడు.

“ఉన్నదా?” అంది యాదమ్మ.

“ఉన్నది.”

ఆమె భర్త వైపు తిరిగి, “దిగి ఇంటికి పోదామా?” అంది. అతను ఆమె మూటను తన ఒళ్లోకి తీసుకుని, “పెద్ద దవాఖానల దిగుదాం” అన్నాడు.

మధ్యాహ్నం దాటాక ఆపరేషన్ అయింది. ఆడపిల్ల. పుట్టగానే ఏడ్వలేదు. చాలాసేపు వీపు రుద్దాం. చివరికి సన్నగా కేరుమంది. యాదమ్మకు మాత్రం కుట్లకు చీము పట్టి జ్వరమొచ్చింది. వారాల తరబడి మంచం దిగలేదు. కోలుకుని ఇంటికొచ్చినా చాలా రోజులు రాట్నం ముందు కూర్చోలేకపోయింది.

పిల్లకు టీకా వేయించడానికి వచ్చినప్పుడు ఊరుకోలేక అడిగాను: “ఆ రోజు ఏదన్న జరగరానిది జరిగితే ఏమనుకునేదానివి?”

పిల్లను భుజాన మార్చుకుని ఆలోచించింది. “ఏడుద్దును సిస్టరమ్మా. గానీ ఒక్కదాన్నే ఏడ్వకపోదును.”

ఆ తర్వాత చాలా ఏళ్లు కాన్పులు చూశాను. కష్టమైన నిర్ణయం చెప్పాల్సి వచ్చిన ప్రతిసారీ, “ఏం చేస్తవమ్మా?” అనే ముందు “నీ వెంట ఎవరొస్తున్నరు?” అని అడగడం అలవాటు చేసుకున్నాను. ఎవరూ లేరంటే, కుర్చీ దగ్గరగా లాక్కుని కూర్చునేదాన్ని.